ఆ ధాన్యపు కొట్టును కూల్చకండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. కోనసీమలో కాలువ గట్టు మీదున్న మా ప్రభుత్వ డిగ్రీ కళాశాల పాత భవనం శిథిలమైందని, దాన్ని కూల్చి కొత్తది కట్టాలని మీకు ప్రతిపాదన పంపినట్టు తెలిసింది. 1983లో నేను అక్కడే బి.ఏ.లో చేరాను. తరవాత అక్కడే దాదాపు మూడు దశాబ్దాలు చరిత్ర బోధించాను. ఆ దస్త్రం మీద మీరు సంతకం పెట్టేలోగా నాలుగు మాటలు మనవి చేసుకోవాలని రాస్తున్నాను.

భవనం వయసు డెబ్బై ఏళ్లని ప్రతిపాదనలో రాశారట. ముందు వరుస గదులకు ఆ లెక్క సరిపోతుంది. వెనకనున్న పొడుగాటి హాలు అంతకన్నా చాలా పాతది. మొదట అది ధాన్యపు కొట్టు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారిన తరవాత ఈ లంకల మధ్య ధాన్యం ఎక్కువగా పడవల మీదే కదిలింది. హాలు వెనక తలుపు తీస్తే కాలువలోకి దిగే రాతి మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. మూడో మెట్టు పక్కన, గోడలో, పడవ కట్టే ఇనుప కడియం ఉంది. తాడు ఒరుసుకుని ఒరుసుకుని లోపలి వైపు సగానికి సగం అరిగింది. ప్రతి ఏడూ కొత్తగా చేరిన పిల్లలను అక్కడికి తీసుకెళ్లి, ఆ అరిగిన చోట వేలు పెట్టి చూడమని, అప్పుడు ఆనకట్ట పాఠం మొదలుపెట్టేవాణ్ణి. కిటికీలు మనిషి తలకన్నా ఎత్తున ఎందుకున్నాయని ఎవరో ఒకరు తప్పక అడిగేవారు. గోడ వెంట బస్తాలు పేర్చాలి కదమ్మా అని చెప్పేవాణ్ణి.

స్వాతంత్ర్యం వచ్చిన ఆ రోజుల్లో డెల్టా ఊళ్లు ఒకదాని వెంట ఒకటి కళాశాలలు పెట్టుకున్నాయి. భీమవరంలో 1945లో, నరసాపురంలో 1949లో, అమలాపురంలో 1951లో. అంతకు ముందు మా వైపు పిల్లలు డిగ్రీ చదవాలంటే గోదావరి దాటి రాజమండ్రికో కాకినాడకో పోవాలి. ఆ ఖర్చు ఎంతమంది భరించగలరు? ఆడపిల్లలను అంత దూరం పంపేవారే అరుదు. మా పెద్దలూ అప్పుడే పూనుకున్నారు. కొట్టు ఉన్న కుటుంబం దాన్ని కళాశాలకు రాసిచ్చింది. ముందు గదులను ఊళ్లన్నీ కలిసి చందాలతో కట్టాయి. ప్రభుత్వం స్వీకరించింది ఆ తరవాతే.

ఆ చందా పుస్తకం ఆఫీసు బీరువాలో ఉంది. నేను మొదటి పుట నుంచి చివరి దాకా చదివాను. డబ్బు ఇచ్చినవారికన్నా వస్తువులు ఇచ్చినవారే ఎక్కువ. ఎకరానికి ఇన్ని కుంచాలని ధాన్యం, వెయ్యి ఇటుకలు, బండెడు ఇసుక, నూరు కొబ్బరికాయలు, రెండు రోజుల తాపీ పని. ఒక చోట ‘పెయ్యదూడ ఒకటి’ అని రాసి, ఎదురుగా వేలిముద్ర వేయించారు. దాన్ని సంతలో అమ్మగా వచ్చిన సొమ్ము పక్క పుటలో అణాలతో సహా జమ కట్టారు. అయ్యా, ఆ వేలిముద్ర వేసిన మనిషికి చదువు రాదు. ఉన్న ఒక్క దూడనే ఇచ్చి ఉంటుందని నేను నమ్ముతాను.

ఇక శిథిలం మాట. ఆ గోడలు గానుగ సున్నంతో కట్టినవి. సున్నం గోడ చెమ్మను పీల్చుకుంటుంది, మళ్లీ గాలికి వదిలేస్తుంది. నేలనీరు పైపైనే ఉండే మా డెల్టాలో ఇటుకను కాపాడేది ఆ గుణమే. ఇరవై ఏళ్ల కిందట మరమ్మతుల పేరుతో ఆ గోడలకు లోపలా బయటా సిమెంటు పూశారు. చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయింది. లోపలి ఉప్పు పైకి తేలి చౌడు పట్టింది, సిమెంటు పెచ్చులుగా ఊడుతోంది. మీకు పంపిన ఫొటోల్లో రాలుతున్న పెచ్చులు అవే. మిద్దె కారడానికి కారణం, నీటి తూములు కొబ్బరి మట్టల చెత్తతో పూడిపోవడం. వాటి పక్కనే రావి మొక్క వేళ్లు దించింది. దాన్ని తీయించమని నేనే మూడుసార్లు రాసిచ్చాను. పైనున్న టేకు దూలాలకు మాత్రం ఈనాటికీ చెద పట్టలేదు.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చి, గట్లు తెగి ఊళ్లు మునిగినప్పుడు హాల్లో నడుము లోతు నీళ్లు నిలిచాయి. తీశాక బురద మేమే ఎత్తి పోశాం. గోడ కదల్లేదు. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకు చుట్టుపక్కల పాకలన్నీ లేచిపోతే, జనం పసిపిల్లలను చంకనేసుకుని ఆ హాలుకే వచ్చారు. నేనూ ఆ రాత్రి లోపలే ఉన్నాను. బయట కొబ్బరి చెట్లు విరుగుతున్న చప్పుడు తెల్లవారేదాకా వినిపించింది. ఎత్తున ఉన్న ఆ చిన్న కిటికీలే మమ్మల్ని కాచాయి.

పిల్లలకు కొత్త గదులు కావాలి, ప్రయోగశాలలు కావాలి. కాదనను. తూర్పు వైపు కళాశాల స్థలం ఖాళీగానే ఉంది, అక్కడ కట్టించండి. పాత భవనాన్ని మాత్రం సున్నపు కట్టడాల పని తెలిసిన ఇంజనీర్లతో ఒకసారి పరీక్ష చేయించండి. వారు కూడా నిలవదని చెబితే నేను ఇంక మాట్లాడను. ఆ నివేదిక వచ్చేదాకా కూల్చివేత ఆపమని ఉత్తర్వు ఇవ్వండి. చందా పుస్తకం అంచులు ఇప్పటికే పొడిపొడి అవుతున్నాయి, దాన్ని వెంటనే రాష్ట్ర పురావస్తు పత్రాల భాండాగారానికి పంపించండి. తొలకరి పడేలోగా ఆ రావి మొక్కను వేళ్లతో సహా తీయించి, తూములు బాగు చేయించండి. ఆ పనికి ఇద్దరు కూలీలు, ఒక తాపీ మేస్త్రి చాలు. మీరు అనుమతిస్తే ఆ ఖర్చు పూర్వ విద్యార్థులం మేమే పెట్టుకుంటాం.

భవదీయుడు,
ఆ కళాశాల పూర్వ విద్యార్థి, విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు