కరేపాకు కుండీకి చలికాలంలో రోజూ నీళ్లా?

అయ్యా,

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల పిల్లలు చాలామంది అమెరికాలో కుండీల్లో కరేపాకు, మల్లె, మందారం పెంచుకుంటున్నారు. డిసెంబరులో ఆకులన్నీ రాలిపోయాయని ఇంటికి ఫోన్ చేస్తే, రోజూ నీళ్లు పొయ్యమని ఇక్కడి పెద్దవాళ్లు చెబుతారు. నెల్లూరు మిద్దె మీది కుండీకి పనికొచ్చే మాటే అది, అక్కడ మాత్రం మొక్క ప్రాణం తీస్తుంది.

చలికి కరేపాకు నిద్రపోతుంది. ఆకు పసుపు తిరిగి రాలడం అందులో భాగమే. ఆకులేని మొక్క నీళ్లు లాగదు కనుక పోసిందంతా మట్టిలోనే నిలిచి వేరు కుళ్లుతుంది. వేలు రెండు అంగుళాలు గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే పొయ్యాలి. అడుగు చిల్లులోంచి కారేదాకా పోసి, పళ్లెంలో చేరిన నీళ్లు పారబోయాలి. మళ్లీ రెండు మూడు వారాలకు గానీ అవసరం పడకపోవచ్చు. మార్చి దాకా ఎరువు వద్దు. చచ్చిపోయిందని పారేసే ముందు కాండం మీద గోటితో గీకి చూడమనండి. లోపల పచ్చగా ఉంటే చిగురిస్తుంది.

కుండీని లోపలికి తేవడానికి మంచు పడేదాకా ఆగకూడదు. రాత్రి వేడి 10 డిగ్రీలకు, అంటే అక్కడి లెక్కలో 50కి, దిగుతుండగానే తేవాలి. చికాగో, న్యూజెర్సీ వైపు అది సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో వస్తుంది. ముందుగా ఆకుల అడుగున పిండినల్లి, పొలుసు పురుగు ఉన్నాయేమో వెతకాలి. హీటరు పొడిగాలికి ఎర్రనల్లి విపరీతంగా పెరుగుతుంది. లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రంపూట ఆకుల అడుగు తడిసేలా కొట్టి, వారానికి మళ్లీ కొట్టాలి. దక్షిణపు కిటికీ మంచిది. ఆకు చల్లటి అద్దానికి ఆనకూడదు, హీటరు గాలి నేరుగా తగలకూడదు.

మేలో మంచు భయం పోయాక కూడా ఒకేసారి ఎండలో పెడితే ఆకు మాడుతుంది. వారం పది రోజులు నీడలో ఉంచి అలవాటు చెయ్యాలి.

పెట్టెల్లో కరేపాకు పిలకలు, పచ్చి ఆకులు పెట్టి పంపడం దయచేసి మానండి. నిమ్మజాతి చెట్లకు గ్రీనింగ్ తెగులు అంటించే సిల్లా పురుగు కరేపాకు మీద కూడా బతుకుతుంది. అక్కడి విమానాశ్రయాల్లో వాటిని తీసేసుకునేది అందుకే. ఆ తెగులు పడితే తోట ఏమవుతుందో పొదలకూరు నిమ్మ రైతును అడిగినా చెబుతాడు. మొక్క అక్కడి నర్సరీలోనే కొనుక్కోమనండి.

– ఒక పాఠకుడు, నెల్లూరు