కుక్కపిల్లను కొట్టకండి

సంపాదకులకు నమస్కారం.

మా మనవరాలికి నాలుగేళ్లు, ఇంట్లో కుక్కపిల్లకు మూడు నెలలు. పాప పరిగెత్తడం, అది వెంటపడి గౌను అంచు లాగడం, మడమ మీద సూది గుచ్చినట్టు గాట్లు, ఆపైన ఏడుపు. మా అబ్బాయి చెప్పు తీసుకున్నాడు. "మూతి మీద ఒక్కటిస్తే అదే మానుతుంది" అనే సలహాలకూ కొదవలేదు. నేను ఒప్పుకోలేదు. దెబ్బలు తిన్న కుక్కకు చెయ్యి చూస్తేనే భయం, ఆ భయంతోనే గట్టిగా కరుస్తుంది.

దానివి 28 పాలపళ్లు. ఇంచుమించు ఆరో నెలకు అవి ఊడి కొత్తవి వచ్చేదాకా చిగుళ్ల బాధే. ఏదో ఒకటి కొరకాలి కదా! తడిపి ఫ్రీజర్‌లో పెట్టిన గుడ్డ ఇచ్చి, నమిలినంతసేపూ దగ్గరే కూర్చునేవాణ్ని.

పాపకు 'చెట్టు ఆట' నేర్పాను. కుక్కపిల్ల మీదికొస్తే అరవకుండా, చేతులు కట్టుకుని కదలకుండా నిలబడాలి. మొదటిరోజు పాప కళ్లు గట్టిగా మూసుకుని, పెదవులు బిగించి నిలబడింది. అది రెండుసార్లు పాదాలు వాసన చూసి, విసుగొచ్చి గుడ్డ దగ్గరికి పోయింది. పెద్దవాళ్లం కూడా పన్ను తగలగానే ఆట ఆపేసి లేచిపోయేవాళ్లం. సాయంత్రాలు మరీ రెచ్చిపోతుంటే నిద్ర చాలలేదని తర్వాత అర్థమైంది, అచ్చం పసిపిల్లల్లాగే.

ఇప్పటికీ ఇద్దరినీ ఒంటరిగా అయిదు నిమిషాలు కూడా వదలం. చర్మం గీరుకుపోతే మాత్రం 'ఆటలోదే కదా' అనుకోకుండా సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే డాక్టరుకు చూపించండి.

– ఒక తాతయ్య