శీనూ, ప్రశ్నలు వదిలెయ్యకు

ఒరేయ్ శీనూ,

సైన్స్ కాన్ఫరెన్స్‌లో ఏం జరుగుతోందో అక్కడినుంచే లైవ్‌గా రాస్తానన్నావు చూడు, ఎంత సంతోషమేసిందో! వీసా దొరక్కో, ఖర్చు భరించలేకో రాలేనివాళ్లు ఎంతమందిరా!

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. ప్రసంగం కంటే ఆ తర్వాతి ప్రశ్నలూ జవాబులూ శ్రద్ధగా రాయి. ప్రసంగంలోది చాలామటుకు ఎప్పటికో పరిశోధన పేపర్‌గా వస్తుంది. కానీ వెనక వరసలోంచి ఎవరో లేచి, "పోల్చి చూడ్డానికి వాడిన కంట్రోల్ శాంపిళ్లు వేరే బ్యాచ్‌లో చేశారా?" అని అడిగితే, వక్త కాసేపు ఆగి, "అవును, అది మళ్లీ చూడాలి" అన్నాడనుకో. ఆ మాట ఏ పేపర్లో దొరుకుతుంది? నువ్వు రాయకపోతే ఆ హాల్లోనే పోతుంది. ఎవరు అడిగారో, ఎవరు చెప్పారో, ఏది నీ అభిప్రాయమో విడివిడిగా తెలిసేలా రాయి.

ఒక్కడివే వింటూ టైప్ చేయడం కష్టం. 2008లో టొరంటోలో జరిగిన ఐఎస్ఎంబీ అనే కంప్యూటేషనల్ బయాలజీ సదస్సుకి వెళ్లిన బయాలజీ వాళ్లు కొందరు ఫ్రెండ్‌ఫీడ్ అనే సోషల్ సైట్‌లో కలిసి రాశారు. ఒకరు వదిలేసింది ఇంకొకరు పూరించేవారు, మరొకరు లింకు వెతికి పెట్టేవారు. ఆ పద్ధతి నాకు భలే ఇష్టం. నువ్వూ ఇద్దరు ముగ్గుర్ని కలుపుకో. ఆ ఫ్రెండ్‌ఫీడ్ 2015లో మూతపడింది, ట్వీట్లని ఏరి కూర్చే స్టోరిఫై 2018లో పోయింది. అందుకే ఏ రోజుది ఆ రోజే నీ దగ్గరా ఒక కాపీ దాచుకో.

ఇక ఫోటోల సంగతి. 2008లోనే స్టాక్‌హోమ్‌లో ఒక సదస్సులో అంతరిక్షంలో కాస్మిక్ కిరణాల్ని కొలిచే పమేలా పరికరం తాలూకు బృందం తమ పాజిట్రాన్ (ఎలక్ట్రాన్ లాంటిదే, ధనావేశం ఉన్న కణం) కొలతల స్లైడ్ కాసేపు చూపించింది. హాల్లో ఉన్నవాళ్లు దాన్ని ఫోటో తీసి, అందులోంచి అంకెలు లాగి, తమ పేపర్లో వాడేశారు. ఎక్కడివో చెప్పారనుకో. కానీ ఆ బృందం సొంత పేపర్ నేచర్ పత్రికలో వచ్చింది 2009 ఏప్రిల్‌లో! ఏళ్ల తరబడి పడిన కష్టం కదరా. అచ్చుకాని డేటా కనిపించే స్లైడ్ అయితే వక్తని అడక్కుండా పెట్టకు. పరిశోధన వివరిస్తూ పెట్టే పోస్టర్లూ అంతే, పెట్టినవాళ్లు పక్కనే నిలబడి ఉంటారు, అడగడానికి ఎంతసేపు?

గోర్డన్ రీసెర్చ్ కాన్ఫరెన్సుల్లోనైతే అక్కడ విన్నది బయటపెట్టకూడదనే నియమం. నాకది సబబే అనిపిస్తుంది. ఆ భరోసా ఉండబట్టేగా పచ్చి ఫలితాలు కూడా ధైర్యంగా చూపిస్తారు. నీ సదస్సు నియమాలేమిటో వెళ్లకముందే కనుక్కో.

హ్యాష్‌ట్యాగ్ ఖరారవగానే పంపు. నేను ఇక్కడినుంచి చదువుతూ ప్రశ్నలు పెడతాను, మైకు నీ దాకా వస్తే వాటిలో ఒక్కటైనా అడిగిపెట్టు.

నీ
విజయ్