నడిచే చోట బస్సు అమ్మారు, బస్సు కావలసిన చోట నడవమన్నారు

అమలాపురం,
డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా

మేనేజర్ గారికి,

విషయం: సింగపూర్ – పోర్ట్ క్లాంగ్ – పెనాంగ్ – ఫుకెట్ ఓడ యాత్రలో రేవుల గురించి మీ సంస్థ ఇచ్చిన తప్పుడు సమాచారం, పెనాంగ్ టూరు సొమ్ము వాపసు.

అయ్యా,

ఓడ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదని ముందే చెబుతున్నాను. గది శుభ్రంగా ఉంది. ఉల్లి, వెల్లుల్లి లేని భోజనం అడిగిన మా పెద్దాడపడుచుకు విసుక్కోకుండా వండి పెట్టారు. నా ఫిర్యాదంతా ఓడ రేవుల్లో ఆగిన రోజుల గురించి, ఆ రోజుల గురించి మీరు మాకు చెప్పిన మాటల గురించి.

డబ్బు కట్టడానికి మీ కార్యాలయానికి వచ్చినప్పుడు నేను అడిగింది ఒకటే ప్రశ్న: ఓడ ఆగిన ఊళ్ళలో మాకు మేమే దిగి తిరగవచ్చా? మీ ఉద్యోగి కంప్యూటర్ మీద నుంచి చూపు తిప్పకుండానే జవాబిచ్చాడు. "పెనాంగ్‌లో కుదరదు మేడమ్, టూరు తీసుకోకపోతే రేవు గేటు దాటనివ్వరండి. పోర్ట్ క్లాంగ్ మాత్రం మీ ఇష్టం, దిగితే కౌలాలంపూరే, జంట టవర్లు చూసుకుని వచ్చేయండి. ఫుకెట్‌లో బీచ్ ఎదురుగానే ఆగుతుందండి." ఈ మూడు జవాబుల్లో మొదటిది అబద్ధం. రెండోది అంతకంటే పెద్ద అబద్ధం. మూడోది సగం నిజం. అవి నోటిమాటలేనని మీరు తప్పించుకోవడానికి వీల్లేదు. ఇవే సంగతులు మీరు వాట్సాప్‌లో పంపిన సమాచార పత్రంలోనూ ఉన్నాయి. ఆ పత్రాన్ని జతపరుస్తున్నాను.

ముందుగా పోర్ట్ క్లాంగ్. మీ పత్రంలో ఆ రోజుకు ఎదురుగా "కౌలాలంపూర్" అని మాత్రమే రాసి ఉంది. ఓడ ఆగే టెర్మినల్ పులావ్ ఇందా అనే దీవిలో ఉంది. అక్కడి నుంచి మలేషియా రాజధాని కౌలాలంపూర్ దాదాపు 60 కిలోమీటర్లు. యాత్రికులను అమలాపురంలో దించేసి రాజమండ్రి వచ్చేసిందని చెప్పినట్టుంది మీ వ్యవహారం. టెర్మినల్ గేటు బయట బస్టాండు లేదు, రైల్వే స్టేషను లేదు. ఉన్నది టాక్సీలు, వాళ్ళు చెప్పిన రేటు. నేను ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని, కాబట్టి అక్కడే నిలబడి లెక్క వేశాను. మేము బయటపడేసరికి 10 దాటింది. సాయంత్రం 4:30కల్లా తిరిగి ఓడలో ఉండాలి. ట్రాఫిక్ ఉంటే వెళ్ళడానికి గంటన్నర, రావడానికి గంటన్నర, ముందుజాగ్రత్తకు మరో గంట తీసేస్తే టవర్ల కింద ఫొటో దిగడానికి, ఎక్కడో నాలుగు మెతుకులు తినడానికి మిగిలేది రెండు గంటలు. దానికోసం రోజంతా కారులో కూర్చోవడం మావారికి నచ్చలేదు, నాకూ నచ్చలేదు.

అందుకని టాక్సీ మాట్లాడుకుని క్లాంగ్ పట్టణానికి వెళ్ళాము. అది దగ్గరే. అక్కడ జలాన్ టెంకు కెలానా అనే వీధి ఉంది, దాన్ని లిటిల్ ఇండియా అంటారు. వీధి పొడవునా చీరల దుకాణాలు, పూలమాలలు కట్టేవాళ్ళు, అరిటాకు భోజనం. మా ఆడపడుచు మల్లెపూలు బేరమాడింది. ఆవిడ తెలుగులో, ఆ దుకాణం అతను తమిళంలో. ఇద్దరికీ గిట్టుబాటైంది. ఆ రోజు మాకు సంతోషంగానే గడిచింది గానీ, అందులో మీ చలవ ఏమీ లేదు. మాతో వచ్చిన మీ యాత్రికుల్లో కొన్ని కుటుంబాలు మీ మాట నమ్మి కౌలాలంపూర్‌కే బయలుదేరి, ట్రాఫిక్‌లో ఇరుక్కుని, టవర్లను కారు అద్దంలోంచి చూసి వెనక్కి వచ్చాయి.

ఈ యాత్రలో బస్సు అవసరమైన రేవు ఏదైనా ఉందంటే అది ఇదే. ఓడవాళ్ళు తామే నడిపే బస్సు టికెట్లు ఓడలోనే అమ్మారు. పొద్దున తీసుకెళ్ళి ఊళ్ళో వదిలి, సాయంత్రం తీసుకొస్తారు. ఆ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. ఇలాంటి ఏర్పాటు ఉంటుందని మీరు ఒక్క మాట చెప్పలేదు. అందులో మీకు రూపాయి రాదు కాబట్టి చెప్పలేదని నేను అనుకుంటున్నాను. కాదంటే, కారణం రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇక పెనాంగ్. నేను కాగితం మీద కలం పెట్టడానికి అసలు కారణం ఇదే.

పెనాంగ్‌లో ఓడ స్వెటెన్‌హామ్ పియర్ దగ్గర ఆగుతుంది. అది ఊరికి దూరంగా ఉన్న రేవు కాదు, పెనాంగ్ ముఖ్యపట్టణమైన జార్జ్ టౌన్ నడిబొడ్డు. గేటు దాటి రోడ్డు మీదకు రాగానే ఎదురుగా గడియారపు స్తంభం. విక్టోరియా రాణి పాలనకు 60 ఏళ్ళు నిండాయని ఏడాదికో అడుగు చొప్పున 60 అడుగుల ఎత్తున కట్టినది. రెండో ప్రపంచ యుద్ధంలో పడిన బాంబుల అదురుకు అది కొద్దిగా ఒరిగిందట. దాని పక్కనే కార్న్‌వాలిస్ కోట. ఇంకాస్త నడిస్తే క్వీన్ స్ట్రీట్‌లో 1833 నాటి మహామారియమ్మన్ ఆలయం, ఆ చుట్టుపక్కలే కపితాన్ కెలింగ్ మసీదు, చీనా వంశాల పాత సంఘ భవనాలు. 2008లో యునెస్కో వారసత్వ పట్టణంగా గుర్తించిన ఈ పాత ఊరంతా కాళ్ళతో చూడవలసినదే. మోకాళ్ళ నొప్పులున్న మా ఆడపడుచు లాంటి వారికి సైకిల్ రిక్షాలున్నాయి. గేటు దగ్గర మమ్మల్ని ఎవరూ ఆపలేదు. ఓడ కార్డు యంత్రానికి చూపించి దిగాము, అంతే. టూరు రసీదు చూపించమని అడిగిన మనిషి ఆ రేవు మొత్తంలో లేడు.

అయినా మేము నడవలేదు. మీకు డబ్బు కట్టేశాము కదా! మీ ఏజెంటు జెండా పట్టుకుని వచ్చి, మా చీరల మీద గుండ్రటి పసుపు స్టిక్కర్లు అంటించి, బస్సు ఎక్కించాడు. గడియారపు స్తంభాన్ని బస్సులోంచి చూపించాడు. కోటను బస్సులోంచే చూపించాడు. "అటు లిటిల్ ఇండియా" అని వేలు చూపించి డ్రైవరును ముందుకు పొమ్మన్నాడు. బస్సు ఆగినది ఎక్కడంటే, చాక్లెట్ల దుకాణం దగ్గర, బాతిక్ బట్టల దుకాణం దగ్గర, జాజికాయ నూనె అమ్మే దుకాణం దగ్గర. నూనె దుకాణంలో తలుపు దగ్గర నిలబడి, ఆఖరి మనిషి కొనేదాకా బయటికి దారి ఇవ్వలేదు. నా చీర మీద ఆ స్టిక్కరు బంక మరక ఇప్పటికీ పోలేదు. మారియమ్మన్ గుడి సంగతి అడిగితే "టైము లేదు" అన్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర, వేరే చోట టికెట్లు కొనుక్కున్న పాలకొల్లు దంపతులు తమ ఫోనులో ఫొటోలు చూపించారు. అమ్మవారి గోపురం, వీధి గోడల మీద బొమ్మలు, రిక్షా తొక్కిన ముసలాయన నవ్వు. వాళ్ళకు ఆ రోజు అయిన ఖర్చు మేము మీకు తలకు కట్టిన దాంట్లో పదో వంతు కూడా లేదు.

ఇంతకంటే ముఖ్యమైనది ఒకటుంది. మీ పత్రంలో "మా టూరులో ఉన్నవారి కోసం ఓడ ఆగుతుంది" అని రాశారు. దుకాణాల చుట్టూ తిప్పడంలో బస్సు ఆలస్యమై, ఓడ మెట్లు తీసేసే వేళకు మేము రేవుకు చేరాము. ఆదరాబాదరాగా ఎక్కిన తరువాత ఓడలోని సహాయ కౌంటరు దగ్గరకు వెళ్ళి అడిగాను. వాళ్ళు స్పష్టంగా చెప్పారు: ఓడ ఆగేది ఓడ సంస్థ తానే అమ్మిన టూర్ల కోసం మాత్రమే. బయటి ఏజెంటు నడిపే బస్సులో వెళ్ళినవారు సొంతంగా తిరిగినవారి కిందే లెక్క. వాళ్ళు రాకపోతే ఓడ వెళ్ళిపోతుంది. ఆపైన తరువాతి రేవుకు సొంత ఖర్చుతో, సొంత పాట్లతో చేరుకోవాలి. అంటే మీరు మాకు అమ్మినది రెండు రకాల నష్టమూ కలిసిన సరుకు. సొంతంగా తిరిగే స్వేచ్ఛ లేదు, ఓడవాళ్ళ టూరుకు ఉండే భరోసా లేదు. ఈ భరోసా మాట మీరు ఏ ఆధారంతో రాశారో నాకు తెలియాలి.

ఫుకెట్ గురించి క్లుప్తంగా చెబుతాను. ఓడ పటోంగ్ తీరానికి ఎదురుగా ఆగిన మాట నిజమే, కానీ నడి నీళ్ళలో. అక్కడి నుంచి చిన్న పడవల్లో ఒడ్డుకు చేరవేస్తారు. వరుస ప్రకారం చీటీలు ఇస్తారు, ఓడ టూర్లు తీసుకున్నవారిని ముందు పంపుతారు. కోటిపల్లి రేవులో పంటు కోసం నిలబడి పెరిగిన మాకు ఎదురుచూడడం కష్టం కాదు. ఆ సంగతి ముందే తెలిసి ఉంటే ఉదయమే వెళ్ళి చీటీ తీసుకునేవాళ్ళం కదా అన్నదే మా బాధ. మీ పత్రంలో పడవల ప్రస్తావనే లేదు. పైగా ఫుకెట్‌లో ఏమి చూడాలో మీరిచ్చిన జాబితాలో మొదటి స్థానం కొబ్బరితోటలో కోతులు కాయలు దింపే ప్రదర్శనది. కోనసీమ వాళ్ళకు కొబ్బరితోట! ఆ జాబితా రాసినవారు మమ్మల్ని ఒక్కసారి తలచుకుని ఉంటే బాగుండేది.

అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు కూడా ఫుకెట్‌ దగ్గరే జరిగింది. "ఒడ్డు నుంచి చివరి పడవ 4:00కి" అని మీరు రాశారు. ఏ గడియారం ప్రకారం? థాయిలాండ్ కాలం సింగపూర్, మలేషియా కాలం కంటే గంట వెనక. మా ఓడ యాత్ర పొడవునా సింగపూర్ కాలాన్నే పాటించింది. ఒడ్డు మీద ఫోన్లు వాటంతట అవే థాయిలాండ్ కాలానికి మారిపోయాయి. అంటే ఫోనులో 3:00 అయ్యేసరికి చివరి పడవ వెళ్ళిపోతుంది. ఓడవాళ్ళు ప్రతి రాత్రీ గదిలో పెట్టే కాగితంలో ఈ సంగతి పెద్ద అక్షరాలతో ఉంది. దాన్ని చదివి మా ఆడపడుచు చేతి గడియారాన్ని ఓడ కాలం మీదే ఉంచాము. సాంగ్‌థావ్ అనే నీలం రంగు షేరు బండిలో ఫుకెట్ పాత ఊరికి వెళ్ళి, ఆ పాత వీధులు తిరిగి, తీరికగా వెనక్కి వచ్చాము. మీ పత్రాన్నే నమ్ముకున్నవాళ్ళ సంగతి వేరు. పడవ దగ్గర మీ సంస్థ టోపీలు పెట్టుకున్నవాళ్ళు తక్కువగా ఉన్నారని గమనించి, మావారు ఒక్కొక్కరికీ ఫోను చేశారు. చెప్పులు ఒక చేతిలో, పిల్లవాణ్ణి మరో చేత్తో పట్టుకుని ఇసుకలో పరుగెత్తుకుంటూ వచ్చిన ఆ తండ్రి ముఖం మీరు చూసి ఉంటే, ఆ పత్రాన్ని ఇంకొకరికి పంపేవారు కాదు. ఆ వేళకు మీ ప్రతినిధి ఎక్కడున్నాడని అడగవద్దు, మాకూ తెలియదు.

మా ప్రాంతం వాళ్ళు కోరంగి రేవులో ఓడలెక్కి రంగూన్ వెళ్ళి, భాష తెలియని ఊళ్ళో దారి వెతుక్కుని బతికినవాళ్ళు. వాళ్ళ తరువాతి తరాలకు ఓడ దిగి నాలుగు వీధులు తిరగడం చేతకాదని మీరెలా నిర్ణయించారు? మాకు కావలసింది కాపలా కాదు. సరైన సమాచారం ఒక్క పేజీ ఇస్తే చాలు. ఏ రేవులో ఓడ గట్టుకు చేరుతుంది, ఎక్కడ పడవల్లో దింపుతారు. రేవు నుంచి ఊరు ఎంత దూరం, ఏ బండి దొరుకుతుంది. ఏ కాలం ప్రకారం ఎన్నింటికి వెనక్కి రావాలి. ఓడ తప్పిపోతే అక్కడి రేవు ఏజెంటు ఫోను నంబరు ఏది. తిరిగి సింగపూర్‌లో దిగాలి కాబట్టి ఆ వీసా రెండోసారి ప్రవేశానికి కూడా చెల్లాలన్న సంగతి కూడా అందులో చేర్చండి. మా బృందంలో ఒకరు ఆ విషయం ఓడలో తెలుసుకుని, చివరి రోజు దాకా నిద్ర లేకుండా గడిపారు. అదృష్టవశాత్తు ఆయన వీసా చెల్లింది.

కాబట్టి నేను కోరేది ఇది. పెనాంగ్ టూరు కోసం మా ముగ్గురి నుంచి వసూలు చేసిన మొత్తాన్ని పూర్తిగా వాపసు చేయండి. తప్పనిసరి కానిదాన్ని తప్పనిసరి అని చెప్పి అమ్మారు కాబట్టి ఇందులో కోతలు, సర్వీసు చార్జీలు ఒప్పుకోను. వచ్చే ప్రయాణానికి డిస్కౌంటు కూపన్ ఇస్తామని అనవద్దు, డబ్బు డబ్బుగానే కావాలి. పోర్ట్ క్లాంగ్‌లో అయిన టాక్సీ ఖర్చు అడగడం లేదు. ఆ రోజు మేము ఎక్కడికి వెళ్ళినా టాక్సీ కావలసిందే. "ఓడ ఆగుతుంది" అన్న మాటను, ఫుకెట్ సమయాన్ని సరిదిద్దిన పత్రాన్ని మీ తరువాతి బృందం బయలుదేరే లోపు వాళ్ళందరికీ పంపి, దాని ప్రతి నాకూ పంపండి. డబ్బు సంగతి కాస్త ఆలస్యమైనా ఓర్చుకుంటాను గానీ, ఇది ఆలస్యం కాకూడదు. ఆ బృందంలో మా వీధి వాళ్ళే ఇద్దరున్నారు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫిర్యాదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే చోటే కేసు వేయవచ్చు. మీ ప్రధాన కార్యాలయం ఉన్న నగరానికి నేను రానక్కరలేదు, మీరే ఇక్కడికి రావాలి. టూరు రసీదు, మీ సమాచార పత్రం, ఓడలో ఇచ్చిన ఫుకెట్ రోజు కాగితం నకళ్ళు జతపరిచాను. అసలు కాగితాలు నా దగ్గరే ఉంటాయి.

ఇట్లు,
మీ సింగపూర్ బృందంలోని యాత్రికురాలు,
విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు, అమలాపురం