సర్టిఫికెట్ల ఫైలు కాదు, స్టాప్‌వాచ్ చూస్తారు

సంపాదకులు గారికి,

2028 లాస్ ఏంజిలెస్ ఒలింపిక్స్‌లోకి బేస్‌బాల్ లాంటి ఆట సాఫ్ట్‌బాల్ మళ్లీ వస్తోంది. అమెరికా కాలేజీ జట్లలో మన ఆడపిల్లలకు చోటు దొరుకుతుందా అని అమలాపురం, పాలకొల్లు, భీమవరం వైపు తల్లిదండ్రులు అడుగుతున్నారు. అసాధ్యం కాదు, కష్టం. అయితే స్పోర్ట్స్ కోటా అలవాటు కొద్దీ మనం మండలం, జిల్లా, రాష్ట్రం అంటూ సర్టిఫికెట్లు పోగేస్తాం. ఎవరి మీద ఆడి గెలిచారో తెలియని అక్కడి కోచ్‌కు ఆ ఫైలు దాదాపు ఏమీ చెప్పదు. కంటికి కనిపించేదాన్ని, గడియారానికి అందేదాన్ని నమ్ముతారు.

ముందు పరుగు. బ్యాటుకు బంతి తగలగానే వాచ్ నొక్కి, 60 అడుగుల అవతల మొదటి బేస్ మీద కాలు పడగానే ఆపాలి. 3 సెకన్ల లోపు వస్తే కోచ్ ఆగి చూస్తారు. ఎడమవైపు నిలబడి పరుగు మీదే బంతిని తాకించే స్లాపర్ అయితే 2.8 దరిదాపుల్లో ఉండాలి. మనం చేసే పొరపాటల్లా విజిల్‌కు పరుగెత్తించి ఆ టైము రాసుకోవడం. బ్యాటు తిప్పాక ఒంటి బరువు వెనక కాలి మీదే ఉండిపోయి మొదటి అడుగు ఆలస్యమవుతుంది. విజిల్ పరుగులో ఆ లోపం బయటపడదు.

బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్‌కు బంతి గ్లవ్‌లో పడ్డప్పటి నుంచి, తను విసిరితే రెండో బేస్ దగ్గరున్న ఫీల్డర్ చేతికి చేరేదాకా లెక్క. దూరం 84 అడుగుల 10 అంగుళాలు, సమయం 2 సెకన్లు మించకూడదు. ఎక్కువ పడుతోందంటే చాలాసార్లు చేతిలో బలం లేక కాదు; కాళ్లు మార్చుకోవడంలో, గ్లవ్‌లోంచి బంతి తీయడంలో జాప్యం. బ్యాటర్‌కు బంతి వేసే పిచర్ 43 అడుగుల నుంచి గంటకు 60 మైళ్లు, అంటే సుమారు 97 కిలోమీటర్ల వేగం అందుకుంటే పెద్ద కాలేజీలు పేరు రాసుకుంటాయి. కానీ వేగం ఒక్కటే చాలదు. అదే చేతి విసురుతో పది, పదిహేను మైళ్లు తక్కువ వేగంతో నెమ్మది బంతి వేయగలగాలి. చెయ్యి నెమ్మదించిందంటే బ్యాటర్ ముందే పసిగడుతుంది. ముందుకు దూకి, కాలు మళ్లీ నేలకు ఊని తోసి వేసే అలవాటును చిన్నప్పుడే మాన్పించండి, అది అక్రమ బంతి.

మన నల్లరేగడి వానాకాలం బురద, ఎండాకాలం నెర్రెలు. బంతి ఎటు లేస్తుందో తెలియక పిల్లలు ముఖం తిప్పేసుకోవడం నేర్చుకుంటారు. వీడియోలో కోచ్ మొదట పట్టుకునేది అదే. మైదానమంతా అక్కర్లేదు, బేస్‌ల మధ్య దారి వరకైనా గ్రావెల్ పోసి రోలర్ తిప్పించండి. వానల్లో బడి వరండాలో టెన్నిస్ బంతితో తక్కువ ఎత్తు బంతులు పట్టించవచ్చు.

అన్నిటికన్నా బాధ కలిగించేది ఇంటర్ సంగతి. అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. అందులో అన్నిటికన్నా పై స్థాయి అయిన మొదటి డివిజన్ కోచ్‌లు పదకొండో తరగతి సెప్టెంబరు 1 దాకా పిల్లతో చేరిక గురించి మాట్లాడకూడదు, మెయిల్‌కు జవాబివ్వకూడదు. అంటే వాళ్లు మాట్లాడటం మొదలుపెట్టేది మన ఇంటర్ మొదటి ఏడాదిలో. సరిగ్గా అప్పుడే మనం పిల్లను హాస్టల్లో వేసి, స్టడీ అవర్ల పేరు చెప్పి గ్లవ్ అటక మీద పెట్టిస్తాం! రోజుకు గంటన్నర మైదానం ఇచ్చే కాలేజీని వెతకండి. చదువూ ముఖ్యమే: 16 కోర్ సబ్జెక్టులు (ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు లాంటివి), నాలుగుకు 2.3 సగటు ఉండాలి. తొమ్మిదో తరగతి మార్కులు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి ఆ జాబితాలు బడి నుంచి ఇప్పుడే తీసుకోండి.

వీడియో మూడు నిమిషాలు దాటనివ్వకండి. పాటలు, స్లోమోషన్ వద్దు. మొదట పేరు, ఆడే స్థానం, ఇంటర్ పూర్తయ్యే ఏడాది. తర్వాత కత్తిరింపులు లేకుండా వరసగా పది బ్యాటింగులు, పక్క నుంచి, వెనక నుంచి. తప్పిన బంతులనూ ఉంచండి, తప్పాక పిల్ల ఏం చేస్తుందో వాళ్లకు కావాలి. అవుటయ్యాక బ్యాటు విసరడం, తనవైపు బంతి రాలేదని బేస్ వెనక అండగా వెళ్లకపోవడం చూస్తే ఎంత బాగా కొట్టే పిల్లనైనా పక్కన పెడతారు. మెయిల్ పిల్లే రాయాలి, నాన్నగారు కాదు.

చివరిగా డబ్బు. మొదటి డివిజన్‌లోనూ చాలామందికి దక్కేది ఫీజులో కొంత భాగమే. మూడో డివిజన్‌లో ఆటకు స్కాలర్‌షిప్పే లేదు. పిల్లల అర్హత తేల్చే ఎన్‌సీఏఏ అర్హత కేంద్రంలో పేరు విద్యార్థే నేరుగా నమోదు చేసుకోవచ్చు. సీటు ఖాయం, ముందు లక్షలు కట్టండి అనేవారికి పైసా ఇవ్వకండి.

సాఫ్ట్‌బాల్ శిక్షకులు,
అమలాపురం, కోనసీమ జిల్లా