“మీకు నష్టం జరగలేదు” అంటూ మూసేసిన నా ఫిర్యాదు గురించి

ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

విషయం: పాత వాహనం అమ్మకంలో సొమ్ము తీసుకోవడంపై మీ సంస్థ ఇచ్చిన తప్పు సలహా, మూసేసిన ఫిర్యాదును మళ్లీ తెరవాలని వినతి.

అయ్యా,

నా పాత కారు అమ్ముకోవడానికి మీ యాప్‌లో రుసుము కట్టి ప్రకటన ఇచ్చాను. వచ్చిన మొదటి కొనుగోలుదారు మోసగాడు. నా కారు వాడి చేతికి చిక్కలేదు. అందుకు కారణం మీరు కాదు, మా ఆవిడ. జరిగినదంతా రాసి పంపితే రెండు రోజులకు మీ నుంచి వచ్చిన జవాబు ఇది: “మీకు ఆర్థిక నష్టం జరగలేదు కనుక ఈ ఫిర్యాదును పరిష్కరించినట్టు నమోదు చేస్తున్నాము.” ఇల్లు అంటుకోలేదు కాబట్టి అగ్గిపుల్ల గీసినవాడి ఊసు ఎందుకన్నట్టుంది. నేను ఇంత పొడుగు ఉత్తరం రాయడానికి కారణం ఆ మోసగాడి కన్నా ఆ వాక్యమే.

నేను ముప్పై ఏళ్లకు పైగా పద్దులు రాసి బతికినవాణ్ని. చెక్కు జమ కావడం వేరు, వసూలు కావడం వేరని ఎందరికో చెప్పినవాణ్ని. అలాంటి నేను కూడా ఆ రోజు యాజమాన్య బదిలీ పత్రం మీద సంతకం పెట్టేశాను. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది. అయినా దాచడం లేదు, ఎందుకంటే ఆ సంతకం వెనక మీ హెల్ప్‌లైన్ మాట ఉంది.

మీ యాప్‌లో ఆ కొనుగోలుదారు పేరు పక్కన పచ్చని టిక్కు, దాని కింద “ధ్రువీకరించిన కొనుగోలుదారు” అన్న మాట కనిపించాయి. ఫోన్‌లో మర్యాదగా మాట్లాడాడు. శుక్రవారం నాడు బయానా కింద కొంత మొత్తం నా ఖాతాకు పంపాడు. అది నిజంగానే వచ్చింది, ఖాతా తెరిచి చూసుకున్నాను. పంపినవారి పేరు వేరేగా ఉందేమని అడిగితే, మా బావమరిది ఖాతా నుంచి వేయించానన్నాడు. సరేననుకున్నాను. పద్దుల్లో ఒక పేరున రావలసిన సొమ్ము ఇంకొక పేరున వస్తే గుమస్తాను నిలబెట్టి అడిగే నేను, నా సొంత కారు దగ్గరికి వచ్చేసరికి బావమరిదిని నమ్మేశాను.

మర్నాడు, బ్యాంకులకు సెలవైన రెండో శనివారం మధ్యాహ్నం వచ్చాడు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు, ఇంజిన్ ఒకసారి విన్నాడు, టైర్ల వంక కూడా చూడలేదు. కాస్త బేరమాడి కొంత తగ్గించుకున్నాడు. అప్పుడు సంచిలోంచి బ్యాంకు డ్రాఫ్టు (డీడీ) తీశాడు. అది నేను ప్రకటనలో అడిగిన పూర్తి ధరకు ఉంది. అంటే బయానా, బేరంలో తగ్గిన మొత్తం రెండూ కలిపి నాకు ఎక్కువ వచ్చినట్టు, ఆ ఎక్కువైనది తన ఖాతాకు ఇప్పుడే వేసేయమన్నాడు. కారును అప్పుడే తీసుకెళ్లిపోతానన్నాడు. తోడుగా డ్రైవరు కూడా వచ్చాడు.

సోమవారం బ్యాంకులో అడిగి చూద్దామన్నాను. నొచ్చుకోలేదు సరికదా, “ఇప్పుడే అడగండి” అంటూ డ్రాఫ్టు మీద అచ్చువేసి ఉన్న నంబరు చూపించాడు. చేశాను. ఎవరో ఎత్తి, శాఖ పేరు చెప్పి, డ్రాఫ్టు సంఖ్య చదవమని, అది తామే ఇచ్చామన్నారు. సెలవు రోజున మూసి ఉన్న బ్యాంకులో ఫోను ఎత్తినదెవరని నాకు ఆ క్షణంలో తట్టలేదు.

అయినా మనసు పీకుతూనే ఉంది. పక్క గదిలోకి వెళ్లి మీ హెల్ప్‌లైన్‌కు ఫోను చేశాను. మీ ఉద్యోగి నా ప్రకటన సంఖ్య అడిగి, కొనుగోలుదారు వివరాలు చూసి అన్నది ఇది: “ఆయన ధ్రువీకరించినవారే సార్. డ్రాఫ్టు ఇచ్చారంటే డబ్బు ఇచ్చినట్టే. మా సహాయ పేజీలో కూడా అదే ఉంది.” ఆ పేజీ తెరిచి చూశాను. “బ్యాంకు డ్రాఫ్టు నగదుతో సమానం. అందుకున్న వెంటనే తాళం చెవులు, పత్రాలు అప్పగించవచ్చు” అని రాసి ఉంది. బయటికి వచ్చి సంతకం పెట్టాను.

తాళం చెవులు మా ఆవిడ దగ్గర ఉన్నాయి. ఇవ్వమని అడిగితే, ఆమె ఆ మనిషిని చూసి ఒకే ప్రశ్న వేసింది: “అడిగిన ధరకే డ్రాఫ్టు తీయించి తెచ్చుకున్నవారు మళ్లీ బేరం ఎందుకు ఆడారు బాబూ?”

అతను నవ్వాడు. అలవాటండీ అన్నాడు. డ్రైవరుకు ఆలస్యమవుతోందన్నాడు. తర్వాత గొంతు మారింది. బయానా తిరిగి ఇచ్చేయండి, వేరే కారు చూసుకుంటానన్నాడు. సోమవారం బ్యాంకు తెరిచాక ఇద్దరం కలిసి వెళ్దాం, అక్కడే తాళాలు ఇస్తాననింది మా ఆవిడ. ఆ మాట విన్నాక అతను పది నిమిషాలు కూడా ఉండలేదు. సంతకం పెట్టిన పత్రాన్ని అతని చేతిలోంచి తీసుకుని చింపేశాను. సోమవారం రాలేదు, ఫోను పనిచేయలేదు. హడావిడిలో డ్రాఫ్టును మా బల్ల మీదే వదిలేసి పోయాడు. దాన్ని బ్యాంకుకు తీసుకెళ్తే, ఆ సంఖ్యతో తాము ఏ డ్రాఫ్టూ ఇవ్వలేదని, దాని మీద ఉన్న ఫోను నంబరు తమది కాదని చెప్పారు. బయానాను వాడకుండా పక్కన పెట్టి, దాని సంగతి కూడా బ్యాంకుకు రాసిచ్చాను. ఎవరి ఖాతాలోంచి కొట్టేసిన సొమ్మో తెలియదు కదా. అలాంటి సొమ్ము వచ్చి పడితే, విచారణ తేలేదాకా తీసుకున్నవారి ఖాతాను బ్యాంకు నిలిపివేసే అవకాశం ఉంది.

అమ్మేవాడు ఎక్కడ తడబడతాడో ఆ మోసగాడికి తెలుసు. మీ సహాయ పేజీ రాసినవారికి మాత్రం తెలియదు. బ్యాంకు డ్రాఫ్టు మంచిదే. ఇచ్చే బ్యాంకు సొమ్ము ముందే తీసుకుని ఇస్తుంది కాబట్టి చెక్కులాగా బౌన్స్ కాదు. కానీ ఈ మాట అసలైన డ్రాఫ్టుకే వర్తిస్తుంది. కాగితాన్ని చూసి అది అసలైనదో కాదో చెప్పడం నా వల్ల కాదు, మీ ఉద్యోగి వల్ల అంతకన్నా కాదు. పని వేళల్లో ఇద్దరూ కలిసి డ్రాఫ్టు ఇచ్చే శాఖకు వెళ్లి, కౌంటరు దగ్గర కళ్ల ముందే తీయించుకుంటే ఆ అనుమానం ఉండదు. అది కుదరకపోతే, ఆ బ్యాంకు నంబరును మనం వేరేగా వెతికి పట్టుకుని అడగాలి, డ్రాఫ్టు మీద అచ్చువేసిన నంబరుకు కాదు. మీ పేజీలో ఈ ముక్క ఒక్కటి ఉన్నా నేను ఆ సంతకం పెట్టేవాణ్ని కాదు.

చెక్కు గురించి మీ పేజీలో “ఖాతాలో జమ అయినట్టు కనిపిస్తే సరిపోతుంది” అని ఉంది. ఇది మరీ ప్రమాదకరం. కొన్నిసార్లు అవతలి బ్యాంకు నుంచి సొమ్ము రాకముందే మన ఖాతాలో అంకె కనిపిస్తుంది. ఆ చెక్కు దొంగదైతే తర్వాత అది వెనక్కి వస్తుంది. అప్పుడు బ్యాంకు ఆ మొత్తాన్ని మన దగ్గరే రాబట్టుకుంటుంది. అప్పటికి కారు ఉండదు. ఈలోగా ‘ఎక్కువైన’ మొత్తాన్ని నిజమైన డబ్బుతో తిరిగి పంపి ఉంటే అది కూడా పోతుంది. నా విషయంలో వాడు వేసిన ఎత్తు సరిగ్గా ఇదే. కారుతో పాటు నా సొమ్ము కూడా పట్టుకుపోవాలనుకున్నాడు. ఇవ్వవలసిన దానికన్నా ఎక్కువ ఇచ్చి తేడా వెనక్కి పంపమనే కొనుగోలుదారును అక్కడికక్కడే సాగనంపాలని మీరు ఎక్కడా రాయలేదు.

ఖాతా నుంచి ఖాతాకు పంపే పద్ధతిలో ఫోనుకు వచ్చిన సందేశాన్నో, కొనుగోలుదారు చూపించిన స్క్రీన్‌షాట్‌నో చూసి నిర్ధారించుకోమన్నారు. స్క్రీన్‌షాట్ బొమ్మ మాత్రమే, ఎవరైనా తయారు చేయవచ్చు. సందేశంలో పంపినవారి పేరు చోట బ్యాంకు పేరు వచ్చేలా చేయగల మోసగాళ్లూ ఉన్నారు. అదే పేరైతే ఫోను పాత బ్యాంకు సందేశాల వరుసలోనే దాన్ని చేర్చేయవచ్చు, ఇక మనకు అనుమానమే రాదు. అమ్మేవాడు తన ఖాతాను తానే తెరిచి, అవతలివాడు పంపిన లింకు నుంచి కాకుండా, వాడుకోదగిన నిల్వలో ఆ మొత్తం చేరిందని చూసుకోవాలి. పంపినవారి పేరు కొనేవారి పేరే అయి ఉండాలి. అంతవరకు తాళం, పత్రం రెండూ మన దగ్గరే ఉండాలి. కారు పోతే పోయిందనుకోవచ్చు, సంతకం చేసిన ఖాళీ బదిలీ పత్రం పోతే మనం కూడా చిక్కుల్లో పడతాం. బదిలీ నమోదు కానంతకాలం ఆ కారు మీద పడే జరిమానాలు, అది చేసే ప్రమాదాల తాలూకు నోటీసులు పాత యజమాని గుమ్మానికే వస్తాయి. నగదు గురించి ఒక్క మాటే: బ్యాంకు కౌంటరు దగ్గర లెక్కించి అక్కడే జమ చేయించుకుంటే దొంగనోట్ల భయం, దారిదోపిడీ భయం రెండూ తీరతాయి.

ఇక ఆ పచ్చ టిక్కు. తర్వాత మీ నిబంధనలు మొత్తం చదివాను (మీ ఉద్యోగుల్లో ఎందరు చదివారో గాని). ధ్రువీకరణ అంటే “ఫోను నంబరుకు పంపిన ఓటీపీని సరిగా నమోదు చేయడం” అట! ఫోను చేతిలో ఉన్నవాడల్లా దానికి అర్హుడే. ఫోను ఉందని తేల్చినందుకు టిక్కు పెట్టి, దాని కింద మనిషిని ధ్రువీకరించినట్టు రాయడం నా లెక్కలో తప్పుడు పద్దు. అమ్మేవారు ఆ మాటను మీ హామీగానే చదువుతారు. నేనూ అలాగే చదివాను, మీ హెల్ప్‌లైన్ ఉద్యోగి కూడా అలాగే చదివాడు.

మీ జవాబులో నన్ను బాగా కలచివేసిన విషయాలు ఇంకో రెండు ఉన్నాయి. ఒకటి, దాని చివర ‘భద్ర చెల్లింపు’ సేవకు నేను మళ్లీ రుసుము కట్టాలనే ప్రకటన. కొనేవాడి సొమ్మును మధ్యవర్తి దగ్గర ఉంచి, వాహనం చేతులు మారాక అమ్మేవాడికి ఇచ్చే పద్ధతిని నేను తప్పుపట్టను. కానీ తప్పుడు సలహా ఉచితంగా, సరైన జాగ్రత్త రుసుముకు ఇవ్వడం ఏ వ్యాపార నీతి? పైగా అలాంటి సేవల పేరుతో నకిలీ సైట్లు కూడా ఉంటాయి. మీ చాట్‌లోనే మరొక ‘కొనుగోలుదారు’ మీ సంస్థ పేరును పోలిన చిరునామాతో ఒక లింకు పంపాడు. మీ వ్యవస్థ దానికి ఒక్క హెచ్చరిక కూడా జోడించలేదు. ఒక అక్షరం తేడా చూసి నేనే ఆగాను.

రెండవది: ఈ ఉత్తరం రాసే సమయానికి కూడా ఆ మోసగాడి ఖాతా మీ యాప్‌లో ఉంది, పచ్చ టిక్కుతో సహా. అంతేకాదు, అతను నాకు ఒక్క నక్షత్రం రేటింగ్ ఇచ్చి, “అమ్మకందారు సహకరించలేదు” అని రాశాడు. ఆ మాట అబద్ధం కాదు. కానీ దాన్ని చూసి నా దగ్గరికి రావడానికి సందేహించే మంచివారికి నేనేం చెప్పాలి?

కాబట్టి ఫిర్యాదును తిరిగి తెరవండి. ఆ ఖాతాను నిలిపివేయండి, కానీ అందులోని సంభాషణలు, నంబర్లు, లాగిన్ వివరాలు చెరిపేయకండి. డ్రాఫ్టుతో సహా పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాను, వారు అడిగినప్పుడు అవి ఇవ్వవలసింది మీరే. సహాయ పేజీలోని డ్రాఫ్టు, చెక్కు, స్క్రీన్‌షాట్ వాక్యాలను వెంటనే తీసేయండి. సరిదిద్దినవి రాసేటప్పుడు బ్యాంకు పని తెలిసిన ఒకరి చేత చదివించండి. టిక్కు కింద “ఫోను నంబరు సరిచూశాం” అని మాత్రమే రాయండి, అదే నిజం కనుక. ఆ రేటింగ్ తొలగించండి. ప్రకటన రుసుము వాపసు ఇస్తే తీసుకుంటాను, ఇవ్వకపోతే దాని కోసం మళ్లీ ఉత్తరం రాయను. మిగతా వాటి కోసం మాత్రం రాస్తాను. పదిహేను రోజుల్లో పేరు, హోదా ఉన్న అధికారి సంతకంతో జవాబు రాకపోతే వినియోగదారుల ఫిర్యాదులు చూసే అధికారుల ముందు ఈ ఉత్తరాన్నే ఉంచుతాను. హెల్ప్‌లైన్ ఉద్యోగి మీద చర్య తీసుకోమని నేను కోరడం లేదు. అతను మీరు రాసిచ్చినదే చదివాడు.

ఇట్లు,
మీ దృష్టిలో నష్టపోని అమ్మకందారు

తా.క.: కారు నిన్న అమ్ముడుపోయింది. కొన్నవారు మీ యాప్ ద్వారా రాలేదు. ఇద్దరం కలిసి బ్యాంకుకు వెళ్లాం, వారి ఖాతాలోంచి నా ఖాతాకు సొమ్ము చేరిందని కౌంటరులో చెప్పించుకున్నాక తాళాలు ఇచ్చాను, బదిలీ పత్రం అదే రోజు దాఖలు చేశాం. ప్రకటన తీసేయబోతే మీ యాప్ కారణం అడుగుతోంది. “మా ద్వారా అమ్ముడైంది”, “ధర నచ్చలేదు”, “మనసు మార్చుకున్నాను” అని మూడే ఉన్నాయి, ఏదో ఒకటి నొక్కనిదే ముందుకు పోవడం లేదు. అబద్ధం నొక్కడం ఇష్టం లేక ప్రకటన అలాగే ఉంచాను. దయచేసి మీరే తీసేయండి.