ఊరి పేరు అడిగే టెంప్లేట్

సంపాదకులకు నమస్కారం.

బ్రౌన్ గ్రంథాలయమున్న కడపలో మాండలిక పదాలు సేకరించే మావంటివారికి కంప్యూటరులో రాసుకునే ఈమాక్స్ ఎడిటర్‌లోని ఆర్గ్ మోడ్ అనే నోట్సు సాధనం ఎంతో ఉపకరిస్తుంది. 2003లో కార్‌స్టెన్ డొమినిక్ ప్రారంభించిన ఈ ఉచిత సాధనంలో క్యాప్చర్ టెంప్లేట్‌ను, అంటే నోటు ఎలా నమోదు కావాలో చెప్పే నమూనాను, మనకు తగినట్టు ఒకసారి రాసుకుంటే, దానికి కేటాయించిన అక్షరం నొక్కగానే పదం, అర్థం, ఊరు వరుసగా అడిగి, తేదీ, సమయం తానే వేసి, మనం చెప్పిన ఫైలులో, చెప్పిన శీర్షిక కిందనే చేరుస్తుంది. టెంప్లేట్‌లో శాతం గుర్తు పక్కన ప్రశ్నార్థకం (%?) పెట్టిన చోట కర్సర్ నిలుస్తుంది. మొదట్లో నేను ఊరి పేరు అడిగే ఏర్పాటు చేసుకోలేదు. అప్పుడు రాసుకున్న మాటలు జమ్మలమడుగువో రాయచోటివో నేడు తేల్చలేక బాధపడుతున్నాను. జిల్లా కళాశాలల తెలుగు శాఖలు క్షేత్రపర్యటనకు ముందే విద్యార్థులచేత ఇటువంటి టెంప్లేట్ రాయించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, కడప